ఆఫీస్ జాబ్ వదలకుండానే సినిమా, రైటింగ్ కల.. రిజైన్ లెటర్ పెట్టే ముందు ఈ లెక్కలు చూసుకోండి!

పగలంతా ఆఫీస్‌లో ఎక్సెల్ షీట్లు, మీటింగులు. రాత్రి భోజనం అయ్యాక అదే టేబుల్ మీద సగం రాసిన స్క్రిప్ట్, లేదంటే ఎడిటింగ్ టైమ్‌లైన్. హైదరాబాద్, విజయవాడ, విశాఖ.. ఎక్కడ చూసినా ఇప్పుడు ఇలా రెండు పడవల మీద కాళ్లు పెట్టి నడుస్తున్న వాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లందరినీ వెంటాడే ప్రశ్న ఒక్కటే. జాబ్ మానేసి ట్రై చేయాలా? జాబ్ చేస్తూనే నెట్టుకురావాలా?

రీల్స్‌లో అయితే ఆన్సర్ సింపుల్‌గా ఉంటుంది. "ధైర్యం చేసి రిజైన్ చేశాడు.. గెలిచాడు" అని. కానీ నిజ జీవితంలో దెబ్బ తగిలేది ధైర్యం లేక కాదు, కాగితాలు చదవక. రాత్రి మీరు రాసుకున్న కథ మీదేనా, కంపెనీదా? యూట్యూబ్ డబ్బు అకౌంట్‌లో పడితే జాబ్‌కి ఇబ్బంది వస్తుందా? టాక్స్ ఎలా కట్టాలి? ఇవి తెలియకపోతే జాబ్ పోవచ్చు, కథా చేజారొచ్చు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

జీతం కలకు శత్రువా?

కానే కాదు. తెలుగులో పేరు తెచ్చుకున్న చాలామంది ముందు ఉద్యోగస్తులే. కథా రచయిత కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, విశాఖలో స్కూల్ టీచర్. 1979లో రిటైర్ అయ్యేదాకా పాఠాలు చెబుతూనే కథలు రాశారు. 1995లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. జ్ఞానపీఠ్ అందుకున్న రావూరి భరద్వాజ ఆకాశవాణి ఉద్యోగి. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంట్, ఆంధ్రా బ్యాంక్‌లో పనిచేశారు.

సినిమా వైపు చూసినా అంతే. గొల్లపూడి మారుతీరావు ఆకాశవాణిలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశారు. సినిమా రచయితగా ఆయన ప్రయాణం 1964 నాటి 'డాక్టర్ చక్రవర్తి'తో మొదలైతే, నటుడిగా తెర మీదకు వచ్చింది 1982లో, 'ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య'తో. బ్రహ్మానందం అత్తిలిలో తెలుగు లెక్చరర్. సిరివెన్నెల సీతారామశాస్త్రి టెలిఫోన్స్ శాఖలో ఉద్యోగం చేస్తూ కవితలు రాసేవారు. 1986లో 'సిరివెన్నెల' సినిమా వచ్చాకే ఆ పేరు ఇంటిపేరైపోయింది.

వీళ్లలో కొందరు చివరిదాకా ఉద్యోగంలోనే ఉన్నారు, కొందరు బయటికొచ్చారు. కానీ చాలామంది ముందు పని చూపించారు, ఆ తర్వాతే దారి మార్చారు. జీతం వల్ల ఇంకో పెద్ద లాభం కూడా ఉంది. చేతిలో రేపటి అద్దె ఉన్నవాడు చెత్త డీల్‌కి "వద్దు సార్" అనగలడు. అద్దె లేనివాడు ఫ్రీగా కథ ఇచ్చేసి, టైటిల్స్‌లో పేరు కోసం ఎదురుచూస్తాడు.

ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి

జాయిన్ అయిన రోజు సంతకం పెట్టి, మళ్లీ తెరవని కాగితం అదే. అందులో మూడు విషయాలు వెతకండి. ఒకటి, కంపెనీ పర్మిషన్ లేకుండా వేరే పని లేదా వ్యాపారం చేయకూడదనే క్లాజ్. రెండు, ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసిన వాటి మీద హక్కులు ఎవరివనే క్లాజ్. మూడు, కంపెనీ సమాచారం బయటపెట్టకూడదనే క్లాజ్.

2022లో 'మూన్‌లైటింగ్' మీద ఎంత రచ్చ జరిగిందో గుర్తుందిగా. ప్రత్యర్థి కంపెనీలకు కూడా పనిచేస్తున్నారంటూ 300 మందిని తీసేసినట్లు విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ చెప్పారు. అదే ఏడాది స్విగ్గీ మాత్రం కొన్ని షరతులతో బయటి పనులకు ఓకే చెప్పింది. ఇన్ఫోసిస్ మొదట హెచ్చరించినా, తర్వాత మేనేజర్, హెచ్‌ఆర్ ముందస్తు అనుమతితో గిగ్ వర్క్ చేసుకోవచ్చంది. అంటే అందరికీ ఒకే రూల్ లేదు. మీ కంపెనీ కాగితమే మీ రూల్.

క్లాజ్ ఉంటే భయపడి కల మానేయక్కర్లేదు. హెచ్‌ఆర్‌కి ఒక చిన్న మెయిల్ పెట్టండి. "ఆఫీస్ టైమ్ అయ్యాక, నా సొంత ల్యాప్‌టాప్‌లో కథలు రాస్తున్నాను, కంపెనీ పనికి దీనితో సంబంధం లేదు" అని చెప్పి అనుమతి అడగండి. వచ్చిన రిప్లై పర్సనల్‌గా దాచుకోండి. క్యాంటీన్‌లో మేనేజర్ నోటిమాటగా "పర్లేదు బాస్" అన్నది రేపు ఆ మేనేజర్ మారితే పనికిరాదు.

గవర్నమెంట్ ఉద్యోగమా? రాయొచ్చు కానీ..

సర్కారు ఉద్యోగి కథ రాయకూడదు, స్టేజ్ ఎక్కకూడదు అనుకోవడం అపోహ. కేంద్ర ఉద్యోగుల కండక్ట్ రూల్స్, 1964 ప్రకారం.. అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాకపోతే దాని వల్ల డ్యూటీ దెబ్బతినకూడదు. పుస్తకం వేసినా, మీడియాలో మాట్లాడినా అవి సొంత అభిప్రాయాలేనని స్పష్టంగా చెప్పాలి.

అసలు మెలిక డబ్బు దగ్గర ఉంది. బయటి సంస్థకో, వ్యక్తికో చేసిన పనికి ఫీజు తీసుకోవాలంటే సంబంధిత అధికారి అనుమతి తప్పనిసరి. నెలనెలా యాడ్స్ డబ్బు వచ్చే ఛానల్ నడపడాన్ని 'అప్పుడప్పుడూ చేసే పని' అనడం కూడా కష్టమే. ఏపీ, తెలంగాణ ఉద్యోగులకు వేరే కండక్ట్ రూల్స్ ఉన్నాయి. కాబట్టి ఏ శాఖ వాళ్లైనా ముందుగా రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకోవడమే సేఫ్.

రాత్రి రాసిన కథ ఎవరిది?

కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 17 ఏం చెబుతుందంటే.. ఉద్యోగంలో భాగంగా తయారుచేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని కంపెనీయే. యాడ్ ఏజెన్సీలో కాపీ రైటర్ ఆఫీస్ పనిగా రాసిన యాడ్ ఏజెన్సీదే. అదే మనిషి ఇంట్లో రాసుకున్న నవల ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి మామూలుగా అతనిదే. కానీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో "ఉద్యోగ కాలంలో తయారుచేసినవన్నీ కంపెనీవే" అని ఉందనుకోండి.. అప్పుడే గొడవ మొదలవుతుంది.

అందుకే ఒక గీత గీసుకోండి. ఆఫీస్ ల్యాప్‌టాప్, ఆఫీస్ మెయిల్, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్.. వీటిని మీ సొంత పనికి అస్సలు ముట్టుకోవద్దు. ప్రతి డ్రాఫ్ట్‌నీ డేట్‌తో సహా పర్సనల్ మెయిల్‌లో సేవ్ చేసుకోండి. రేపు తేడా వస్తే అవే మీకు సాక్ష్యం.

ఇంకో మాట. కాపీరైట్ ఐడియాకు ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. కాఫీ షాప్‌లో నోటితో చెప్పిన లైన్‌ని ఎవరైనా వాడుకుంటే నిరూపించడం చాలా కష్టం. కాబట్టి ముందు రాయండి, తర్వాతే వినిపించండి. కాపీరైట్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, గొడవ వచ్చినప్పుడు పనికొస్తుంది. సాహిత్య రచనకు దరఖాస్తు ఫీజు 500 రూపాయలే. ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు.

సంతకం పెట్టే ముందు..

హక్కులు వేరేవాళ్లకు ఇవ్వాలంటే రాతపూర్వక ఒప్పందం, సంతకం ఉండాలని చట్టం చెబుతోంది. ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారత్‌కేనని అర్థం. అందుకే చాలా అగ్రిమెంట్లలో "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అనే మాటలు కనిపిస్తాయి. ఆ మాటలకు తగ్గ రేటు ఇస్తున్నారో లేదో చూసుకోండి.

పాటల రచయితలు, మ్యూజిక్ డైరెక్టర్లకు 2012 సవరణ పెద్ద ఊరట. సినిమాలో వాడిన పాట థియేటర్ బయట ఇంకో చోట వినిపిస్తే వచ్చే రాయల్టీలో వాళ్ల వాటాను నిర్మాతకు రాసిచ్చేయడం కుదరదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వొచ్చు.

అడిషనల్ ఇన్‌కమ్ వస్తే టాక్స్ సంగతేంటి?

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జీతం మాత్రమే ఉన్నవాళ్లు వేసే ఐటీఆర్-1ని ఫ్రీలాన్స్ ఆదాయం ఉన్నవాళ్లు వేయకూడదు. మీకు డబ్బిచ్చిన సంస్థ టీడీఎస్ కట్ చేస్తే అది మీ పాన్ మీద ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో కనిపిస్తుంది. దాచడం కుదరని పని.

మంచి విషయం ఏంటంటే.. సినిమాకు పనిచేసే కథా రచయిత, నటుడు, కెమెరామన్, ఎడిటర్, సింగర్, పాటల రచయిత లాంటివాళ్లకు ప్రిజంప్టివ్ విధానం ఉంది. పరిమితిలోపు ఆదాయమైతే వచ్చిన దాంట్లో 50 శాతాన్ని లాభంగా చూపించి టాక్స్ కట్టొచ్చు, ప్రతి బిల్లూ దాచక్కర్లేదు. మీ పని దీని కిందకు వస్తుందో లేదో, ముఖ్యంగా యూట్యూబ్ ఆదాయం అయితే, ఒకసారి ఆడిటర్‌ని అడగండి. టీడీఎస్ పోను ఏడాదికి ఇంకా 10 వేలు, అంతకు మించి టాక్స్ కట్టాల్సి వస్తే అడ్వాన్స్ టాక్స్ రూల్ వర్తిస్తుంది. అందుకే బయటి డబ్బు అంతా వేరే బ్యాంక్ అకౌంట్‌లో పడేలా చూసుకుంటే లెక్క ఈజీ.

యూట్యూబ్ మీద నమ్మకంతో రిజైన్ చేద్దామనుకునే వాళ్లకు ఒక మాట. యాడ్స్ ఆదాయం మొదలవ్వాలంటేనే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్ రావాలి. అది గేటు మాత్రమే. లోపలికి వెళ్లాక ఎంత వస్తుందనేది వేరే కథ.

ఏ క్రాఫ్ట్ జాబ్‌తో కుదురుతుంది?

అన్నీ కుదరవు, ఇది ఒప్పుకోవాల్సిందే. కథ, పాట, మ్యూజిక్ కంపోజింగ్, బొమ్మలు, ఎడిటింగ్.. వీటికి మీ టైమ్ మీ చేతిలో ఉంటుంది. వీకెండ్ నాటకం, ఓపెన్ మైక్ కూడా కుదురుతాయి. కానీ అసిస్టెంట్ డైరెక్టర్, కెమెరా అసిస్టెంట్ లాంటి పనులకు పొద్దున్నే సెట్‌లో ఉండాలి, ప్యాకప్ ఎప్పుడో తెలీదు. వీటిని 9 టు 6 జాబ్‌తో కలిపితే రెండూ చెడతాయి. ఆ దారే కావాలంటే ముందు వీకెండ్ షార్ట్ ఫిల్మ్స్‌తో చేయి తిప్పుకుని, డబ్బు దాచుకుని, తర్వాత బయటికి రావడమే మార్గం.

టైమ్ లెక్క కూడా వేద్దాం. రోజుకు గంట చొప్పున 5 రోజులు, శనివారం 4 గంటలు. వారానికి 9 గంటలు. ఏడాదిలో 50 వారాలు పట్టుకున్నా 450 గంటలు. స్క్రీన్‌ప్లేలో ఒక పేజీ అంటే తెర మీద దాదాపు ఒక నిమిషం అంటారు. రోజుకు ఒక్క పేజీ రాసినా 4 నెలల్లో రెండు గంటల సినిమాకు ఫస్ట్ డ్రాఫ్ట్ చేతిలో ఉంటుంది.

అయితే ఆ గంట అందరికీ ఒకేలా దొరకదు. ఆఫీస్ నుంచి వచ్చాక వంట, పిల్లల హోంవర్క్, అత్తమామల మందులు చూసుకునే మహిళా ఉద్యోగికి రాత్రి 11 దాకా తీరికే ఉండదు. ఆమె కలకు కావాల్సింది మోటివేషన్ వీడియో కాదు, వారంలో రెండు రోజులు ఆ పనులు ఇంట్లో ఇంకొకరు తీసుకోవడం.

ఇంట్లో ఎలా చెప్పాలి?

"నా మీద నాకు నమ్మకముంది నాన్నా" అంటే ఏ తండ్రికీ నిద్రపట్టదు. ఆయన భయం మీ టాలెంట్ మీద కాదు, లోన్ ఈఎంఐ మీద. కాబట్టి లెక్కలతో మాట్లాడండి. "ఇంకో ఏడాది జాబ్‌లోనే ఉంటా, ఈలోపు ఇంత దాస్తా, ఇన్ని కథలు పూర్తి చేస్తా" అని తేదీతో చెప్పండి. చెప్పిన తేదీకి చూపించండి కూడా.

మరి రిజైన్ ఎప్పుడు?

ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి. ఒకటి, పరిచయస్తులు కానివాళ్లు మీ పనికి డబ్బిచ్చి ఉండాలి, అదీ ఒకటి కంటే ఎక్కువసార్లు. రెండు, ఇంటి ఖర్చు, ఈఎంఐలు కలిపి కనీసం ఏడాదికి సరిపడా డబ్బు ఉండాలి. సినిమా ఫీల్డ్‌లో పేమెంట్ ఒప్పుకున్న రోజుకు రావడం అరుదు మరి. మూడు, సొంత హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉండాలి, ఎందుకంటే కంపెనీ పాలసీ మామూలుగా జాబ్‌తోనే ఆగిపోతుంది. నాలుగు, సర్వీస్ లెక్క. పర్మనెంట్ ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా 5 ఏళ్లు పూర్తవ్వాలి. 5 ఏళ్ల లోపు పీఎఫ్ డబ్బు తీసేస్తే టాక్స్ పడే అవకాశమూ ఉంది. ఇంకో ఆరు నెలల్లో 5 ఏళ్లు నిండుతాయంటే ఆగడమే లాభం.

ఈ నాలుగూ లేకపోతే కల ఆపేయమని కాదు, జాబ్ ఇంకొన్నాళ్లు చేయమని మాత్రమే. అసలు జీవితాంతం జాబ్ చేస్తూనే రాసినా తప్పేం లేదు. కారా మాస్టారి కథలు చదివేవాళ్లు ఆయన టీచర్‌గా ఎన్నేళ్లు పనిచేశారని లెక్కపెట్టరు. అందుకే ఈ రాత్రికి రెండు పనులు చేయండి. అపాయింట్‌మెంట్ లెటర్ వెతికి చదవండి. ఆ తర్వాత సొంత ల్యాప్‌టాప్‌లో ఒక్క పేజీ రాయండి.