పట్టుపురుగుల షెడ్డులో థర్మామీటరు

మన పెద్దపంజాణి వైపు పట్టుపురుగులు మేపే షెడ్డులోకి ఎప్పుడైనా తొంగి చూశారా పిల్లలూ? గోడకు ఒక పలక మీద రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది. ఆ గుడ్డ ఆరుతూ బుడ్డిని చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత ఎక్కువ చల్లబరుస్తుంది. రెండింటి మధ్య తేడా చూసి గాలిలో తేమ ఎంతో రైతు చెప్పేస్తాడు. చాకీ దశలోని చిన్న పురుగులకు 27, 28 డిగ్రీల వేడి, 85 శాతం పైన తేమ ఉండాలి. నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) లేచిన పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. ఎండలు ముదిరి షెడ్డు కాగిపోతే పురుగు ఆకు మేయడం తగ్గిస్తుంది, జబ్బు పడుతుంది, గూడు పలచబడుతుంది. నెల కష్టం పోతుంది. అందుకే రైతు షెడ్డు మీద కొబ్బరి మట్టలు పరుస్తాడు, కిటికీలకు తడి గోనెపట్టాలు కడతాడు, గాలి ఎటు నుంచి వస్తుందో చూసి మరీ కిటికీ పెడతాడు.

ఇంత శాస్త్రం చేతిలో ఉన్న రైతు రాత్రికి పోయి పడుకునే కాలనీ ఇంట్లో థర్మామీటరు లేదు. ఆ ఇంటి నమూనా గీసినవాళ్ల లెక్కలో చదరపు అడుగులున్నాయి, సిమెంటు బస్తాలున్నాయి, వేడి లేదు. దేశానికి గృహ విధానం అని ఒకటుంది కదా, అందులో ఈ వేడి లెక్క ఎక్కడ తప్పిపోయిందో చెబుతాను, వినండి.

ఐక్యరాజ్యసమితి 1987ను నిలువ నీడ లేనివాళ్ల సంవత్సరంగా ప్రకటించింది. ఆ మరుసటి ఏడే, 1988లో, మన దేశపు తొలి జాతీయ గృహ విధానం వచ్చింది. 1994లో దాన్ని మార్చారు. 1998లో ఇంటితో పాటు నీళ్లు, దారులు, మురుగు కాలువలు, ఊరి పొందిక అన్నీ కలిపి గృహ, ఆవాస విధానం తెచ్చారు. 2007లో పట్టణాలకు వేరుగా ఒకటి. విధానాలు కాగితం మీద ఉంటాయి, పునాది తవ్వించేది పథకాలు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైంది, 2015లో పట్టణాలకు, 2016లో పల్లెలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. పల్లె ఇంటికి కేంద్రం పెట్టిన కనీస కొలత వంట చోటుతో కలిపి 25 చదరపు మీటర్లు, మైదాన ప్రాంతాలకు ఇచ్చే సాయం లక్షా 20 వేలు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న దాదాపు 30 లక్షల మందికి స్థలాల పట్టాలివ్వడం మొదలుపెట్టారు. అప్పుడిచ్చింది పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు. అందులో కట్టే ఇల్లు 340 చదరపు అడుగులు.

ఇల్లు లేనివాళ్లకు ఇల్లు రావడం చిన్న సంగతి కాదు. బోద కప్పిన గుడిసెలో వానాకాలం తడుస్తూ, ఎండాకాలం నిప్పురవ్వకు భయపడుతూ బతికిన కాలం నేనెరుగుదును. శ్లాబు పడిన రోజు ఆ ఇంటి ఆడవాళ్ల ముఖంలో కనిపించే ధీమాకు వెల కట్టలేం. నేనడిగేదల్లా ఆ శ్లాబు కింద పడుకునేవాళ్లకు నిద్ర కూడా పట్టాలని.

ఇప్పుడు సైన్సులోకి వద్దాం. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన పదమూడు డిగ్రీల చిల్లర దూరంలో ఉంది. అందువల్ల ఏప్రిల్ చివరి వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ సమయంలో గోడల నీడ గోడ మొదట్లోనే ఆగిపోతుంది. ఎండ మొత్తాన్ని మోసేది కప్పు. ఒంటి అంతస్తు ఇంటికి గోడల కంటే కప్పు ముఖ్యం అనేది అందుకే.

ఒక వస్తువులోంచి వేడి ఎంత సులువుగా పోతుందో చెప్పడానికి శాస్త్రజ్ఞులకు ఒక కొలత ఉంది. మీటరు మందం, ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు ఎన్ని వాట్లు దాటుతాయన్నది ఆ లెక్క. గడ్డి కప్పుకు అది 0.1 లోపే. గడ్డి పోచల మధ్య కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని పోనివ్వదు. మట్టి ఇటుకకు, కాల్చిన ఇటుకకు 0.8 దరిదాపు. ఆర్‌సీసీ శ్లాబుకు 1.6 దరిదాపు. అంటే శ్లాబు కట్టుకుని వాననూ నిప్పునూ గెలిచాం కానీ వేడికి తలుపు బార్లా తీశాం.

దాటడం ఒకటి, ఎంతసేపట్లో దాటుతుందన్నది ఇంకొకటి. పొయ్యి మీంచి దించిన సంగటి ముద్ద పైన ఆరిపోయినా లోపల చాలాసేపు సెగ కక్కుతుంది కదా, మందమైన గోడ కూడా అంతే, బయటి మార్పు లోపలికి తెలియడానికి గంటలు పడుతుంది. పద్దెనిమిది అంగుళాల మట్టి గోడకు మధ్యాహ్నం ఎండ తగిలితే ఆ వేడి లోపలి ముఖానికి చేరేసరికి పన్నెండు గంటలు దాటుతుంది, అప్పటికి బాగా నీరసించి ఉంటుంది. నాలుగైదు అంగుళాల శ్లాబుకు మూడు గంటలు చాలు. రెండు గంటలప్పుడు పడిన ఎండ, కూలికి పోయినవాళ్లు ఇల్లు చేరే వేళకు నట్టింట్లో దిగుతుంది. రాత్రి తొమ్మిదింటికి మంచమెక్కి శ్లాబు అడుగున అరచెయ్యి ఆనించి చూడండి. వెచ్చగా తగులుతుంది. అదే సమయంలో వాకిట్లో చల్లగాలి వీస్తుంటుంది.

మన తావు ప్రత్యేకత అదే. సముద్ర మట్టానికి రెండు వేల అడుగుల పైన ఉన్నాం. పుంగనూరు, పలమనేరు, మదనపల్లె అన్నీ ఈ మిట్ట మీదివే. పగలు ఎంత కాసినా రాత్రికి గాలి చల్లబడుతుంది. విజయవాడలో రాత్రి కూడా ఉక్కపోత. అక్కడ రోజంతా గాలి ఆడాలి. ఇక్కడ పగలు కప్పు కాపాడితే చాలు, రాత్రి తలుపు తీస్తే చల్లదనం తనే వస్తుంది. రెండు చోట్లా ఒకే నమూనా పెడితే ఎవరికో ఒకరికి సరిపోదు.

సీమలో పెద్దలు దీన్ని ఎలా సాధించారో చూడండి. అనంతపురం, కడప, కర్నూలు వైపు మట్టి మిద్దెల మీద చౌడు వేస్తారు. పొలంలో చౌడు పడితే రైతు తల పట్టుకుంటాడు. నీళ్లు ఇంకవు, పైరు ఎత్తదు. ఆ మట్టిలో సోడియం ఎక్కువ. మంచి నేలలో కాల్షియం బంకమట్టి రేణువులను గుత్తులు గుత్తులుగా పట్టి ఉంచుతుంది, గుత్తుల మధ్య సందుల్లోంచి నీళ్లు కిందికి దిగుతాయి. సోడియం చేరితే ఆ పట్టు వదిలిపోతుంది. తడవగానే రేణువులు విడిపోయి, ఉబ్బి, ప్రతి సందునూ మూసేస్తాయి. పొలాన్ని చెడగొట్టే ఆ గుణమే మిద్దెకు కాపు. వాన నీళ్లు పైనే జారి గొట్టంలోంచి పడిపోతాయి. మందమైన మట్టి పొర ఎండను ఆపుతుంది. సోడియం సంగతి ఏ పుస్తకమూ చెప్పకముందే దాన్ని చేతితో కనుక్కున్నవాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అలాగని అందరూ మట్టి మిద్దెలకు పోవాలనను. ఏటేటా చౌడు వేయాలి, బరువు మోసే దూలాలకు చెదలు పడతాయి, ముసురు పట్టి పది రోజులు కురిస్తే మట్టి గోడలు నాని కూలతాయి. కావలసింది ఆ మిద్దె కాదు, అందులోని ఉపాయం.

ఇక ఆ తప్పిపోయిన లెక్క సంగతి. వేడి గురించి దేశం నియమాలు రాయలేదని కాదు. 2018 డిసెంబరులో ఈకో నివాస్ సంహిత అనే నిబంధనావళి వచ్చింది. కప్పులోంచి డిగ్రీ తేడాకు చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదని అందులో ఉంది. ఇది మీటరు మందానికి కాదు, కప్పు అసలు మందానికి లెక్క. మామూలు శ్లాబులోంచి దిగేది దానికి మూడు రెట్లు. అయితే ఆ నిబంధన 500 చదరపు మీటర్లు, అంతకు పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్లకు. మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు. సెంటున్నరలో, అరవై చదరపు మీటర్లలో ఉన్న కుటుంబానికి అది వర్తించదు. ఏసీ కొనుక్కోగలిగినవాడి కప్పుకు కొలత ఉంది, ఫ్యాను కరెంటు బిల్లుకే వెనకాడేవాడి కప్పుకు లేదు. ఇది సరిదిద్దుకోవలసిన లోటు.

సరిదిద్దడానికి కోట్లు కూడా అక్కర్లేదు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ (చలువ కప్పు) విధానం తెచ్చింది, దేశంలో ఏ రాష్ట్రమూ అంతకుముందు చేయని పని. తెల్లటి కప్పు ఎండలో చాలా భాగాన్ని వచ్చిన దారినే పంపేస్తుంది, ఉత్త సిమెంటు కప్పు ముక్కాలు వంతు మింగుతుంది. మనకు సున్నం చాలు. సంక్రాంతి దాటాక శ్లాబు మీద రెండు పూతలు కొట్టండి. వేసవంతా కాస్తుంది. వానలకు కొంత కొట్టుకుపోయి కార్తీక మాసానికి కప్పు మాసిపోతుంది, చలికాలం ఇంటికి కాస్త వెచ్చదనం అవసరమైనప్పుడు ఎండను తీసుకుంటుంది. ఇంటి బిల్లులో చివరి కంతుతో పాటు సున్నం ఖర్చు కూడా కలపాలని నేను గట్టిగా అంటాను.

ఒక్క ఇల్లు బాగుంటే చాలదు నాయనా, ఊరు బాగుండాలి. సెంటున్నర స్థలంలో ఇల్లు కట్టి పక్కింటి గోడకు ఎదురుగా కిటికీ పెడితే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? వానాకాలంలో మనకు గాలి పడమర, నైరుతి వైపు నుంచి వీస్తుంది. వీధులు ఆ దిక్కుకు తెరిచి ఉంచి, మధ్యలో వేప, కానుగ నాటితే ఆ కాలనీ వేరుగా ఉంటుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ లోయ చూడండి. దశాబ్దాలుగా చెట్లు పెంచుతూ వచ్చారు, ఆ నీడలో నడిస్తేనే తేడా తెలుస్తుంది. ఆకులు వదిలే నీటి ఆవిరి గాలిలోని వేడిని తనతో తీసుకుపోతుంది. చెరువు కింది పల్లంలోనూ వాగు గట్టునా ప్లాట్లు వేస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? పాత ఊళ్లన్నీ చెరువుకు కాస్త మిట్టన ఎందుకున్నాయో పెద్దవాళ్లను అడగండి.

నీళ్ల లెక్క కూడా ఒకసారి వేద్దాం. 340 చదరపు అడుగుల కప్పు అంటే 31 చదరపు మీటర్ల చిల్లర. ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే ఆ చిన్న కప్పు మీదే 22 వేల లీటర్లు పడతాయి. ఆవిరైంది, చిందింది పోగా 17 వేలు మిగిలినా మాటలా? బోర్లు వెయ్యి అడుగులు దాటి దుమ్ము కక్కుతున్న చోట, కప్పు నీళ్ల గొట్టాన్ని ఇంకుడు గుంతలోకి తిప్పకుండా వీధిలోకి వదిలేస్తున్నాం.

గోడల మాట క్లుప్తంగా చెబుతాను. కేరళలో స్థిరపడిన ఇంగ్లండు వాస్తుశిల్పి లారీ బేకర్ ఇటుకలను పక్కకు నిలబెట్టి, మధ్యలో గాలి గది వదిలి గోడ కట్టే పద్ధతిని ప్రచారం చేశాడు. ఇటుకలు నాలుగో వంతు మిగులుతాయి, లోపల చిక్కిన గాలి వేడిని ఆపుతుంది. విశాఖలో ఎన్.భానుమతీదాస్, ఎన్.కాళిదాస్ బూడిద, సున్నం, జిప్సం కలిపి బట్టీలో కాల్చకుండానే ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతి తెచ్చారు. కట్టెలు, బొగ్గు మిగులుతాయి. మన గుట్టల్లో రాయికి కొదవ లేదు. అయితే రాయి ఇటుక కంటే త్వరగా వేడిని పంపుతుంది, కాబట్టి పలచటి బండ గోడ పనికిరాదు, మందంగా కట్టినప్పుడే దాని చలువ తెలుస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇల్లు శాంక్షన్ అయితే గోడలు లింటెల్ మట్టానికి రాకముందే మేస్త్రీతో మాట్లాడండి. లింటెల్ వేశాక కిటికీ జరపడం కుదరదు. ఎదురెదురు గోడలకు కిటికీలు పెట్టమనండి. శ్లాబుకు జానెడు కింద వెంటిలేటర్లు వదలమనండి, పైకి చేరిన వేడిగాలి వాటిలోంచే పోతుంది. పడమటి కిటికీకి సజ్జా రెండడుగులు ముందుకు వదలమనండి. ఇవేవీ కొలతకు అడ్డు రావు, ఖర్చు కూడా పెద్దగా పెంచవు. లబ్ధిదారుల జాబితా గ్రామసభకు వస్తుంది కదా, పేర్లు చదవడం అయిపోయాక ఈ కిటికీల మాట, సున్నం మాట ఎత్తమని మీ నాన్నలకు చెప్పండి.