ఫైరింజన్ ఎన్ని నిమిషాల దూరంలో ఉంది?



ఈ వార్షికోత్సవ సంచికకు కవిత రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. నాకు కవిత రాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఆ తర్వాత పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎం.ఏ. చదివాను కాబట్టి లెక్కలూ, జీవోలూ తప్ప వేరేవి చేతికి రావు. అందుకే మన అందరి ఊళ్ళకూ పనికొచ్చే ఒక లెక్క రాస్తున్నాను. అది ఫైర్ స్టేషన్ లెక్క.

2019 ఫిబ్రవరిలో నేను ఇంటర్ మొదటి సంవత్సరం. రెండు రోజుల సెలవుకి ఊరెళ్ళాను. ధర పెరుగుతుందని మా పెద్దనాయన పత్తి అమ్మకుండా ఇంట్లోనే నిలవ పెట్టాడు. మధ్యాహ్నం ఆ పత్తికి నిప్పంటుకుంది. ఎలా అంటుకుందో ఇప్పటికీ తెలియదు. 101కి ఫోన్ చేశాం. పట్నం మాకు 32 కిలోమీటర్లు. బండి వచ్చేసరికి మా వాడలో మూడు ఇళ్ళు పోయాయి. పైన ఆరినట్టే కనిపించినా పత్తి లోపల రాజుకుంటూనే ఉంటుంది, కాబట్టి నీళ్ళు చాలా కావాలి. తెచ్చిన నీళ్ళు కాసేపట్లోనే అయిపోయాయి. నింపుకోవడానికి చెరువు ఎండిపోయి ఉంది. ఒక రైతు బోరు దగ్గరికి పోయి నింపుకొచ్చారు. ఆ ఫైర్‌మెన్ తప్పేమీ లేదు, వాళ్ళు చీకటి పడేదాకా కష్టపడ్డారు.

ఇనప పెట్టెలో ఉన్న నా పదో తరగతి మెమో, కుల ధ్రువీకరణ పత్రం, అక్క పెళ్ళికని దాచిన డబ్బు అన్నీ కాలిపోయాయి. డూప్లికేట్ మెమో కోసం, సర్టిఫికెట్ కోసం నేను తిరిగిన తిరుగుడు మీలో చాలామందికి చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది స్కాలర్‌షిప్ ఆలస్యమైంది. మా అవ్వ మాత్రం ఒకే మాట అన్నది: "ఆ బండి మనకు గాదు బిడ్డా, పట్నపోళ్ళకు."

అవ్వ మాటలో కోపం ఉంది, కొంత నిజమూ ఉంది. రాజ్యాంగానికి 74వ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో మున్సిపాలిటీల పనుల జాబితా ఉంది. అందులో అగ్నిమాపక సేవలు ఉన్నాయి. పంచాయతీల పనులు చెప్పే పదకొండో షెడ్యూల్లో 29 అంశాలున్నాయి. అందులో ఆ మాట లేదు. మన రాష్ట్రంలో ఈ సేవ మొత్తం రాష్ట్ర ప్రభుత్వ శాఖ చేతిలోనే ఉంది కనుక, కాగితం మీద పల్లెకూ పట్నానికీ తేడా లేదు. కానీ స్టేషన్ ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చేసరికి తేడా వస్తుంది.

ఆ ప్రశ్నకు ఒక కొలత ఉంది. కేంద్ర హోంశాఖ 1955లో వేసిన అగ్నిమాపక సలహా సంఘం కొన్ని ప్రమాణాలు పెట్టింది. పట్నంలో పది చదరపు కిలోమీటర్లకు ఒక స్టేషన్, పల్లెల్లో యాభై చదరపు కిలోమీటర్లకు ఒకటి ఉండాలి. ఫోన్ వచ్చాక పట్నంలో మూడు నుంచి అయిదు నిమిషాల్లో, పల్లెలో ఇరవై నిమిషాల్లో బండి చేరాలి.

నా గదిలో ఇద్దరిది వికారాబాద్ జిల్లా. ఉద్యోగాల లెక్కలో ఇప్పుడు వాళ్ళదీ చార్మినార్ జోనే, పోటీకి వచ్చేది మాతోనే. అందుకని వాళ్ళ జిల్లానే లెక్కలోకి తీసుకుందాం. 2016 అక్టోబరులో ఏర్పడ్డ ఆ జిల్లా విస్తీర్ణం 3,386 చదరపు కిలోమీటర్లు. యాభైకి ఒకటి చొప్పున 68 స్టేషన్లు కావాలి. అంత డబ్బు ఏ ప్రభుత్వానికీ ఉండదు, ఒప్పుకుందాం. పోనీ, ఇరవై నిమిషాల లెక్క పట్టుకుందాం. పల్లె రోడ్డు మీద నీళ్ళ బండి గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే ఇరవై నిమిషాల్లో 13 కిలోమీటర్లు వెళుతుంది. రోడ్డు వంకరలు తీసేస్తే మ్యాపు మీద ఓ పది కిలోమీటర్లు. పది కిలోమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీస్తే 314 చదరపు కిలోమీటర్లు వస్తుంది. ఆ లెక్కన జిల్లాకు కనీసం పదకొండు కావాలి. వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దలేం గనుక ఇంకో రెండు మూడు పెరుగుతాయి.

కానీ మన దగ్గర ఎప్పుడూ వినిపించే కొలబద్ద వేరు. నియోజకవర్గానికి ఒక ఫైర్ స్టేషన్ అంటారు. వికారాబాద్, తాండూరు, పరిగి, కొడంగల్ అని ప్రధానంగా నాలుగు నియోజకవర్గాలు. జిల్లాను నాలుగుతో భాగిస్తే ఒక్కోదానికి 846 చదరపు కిలోమీటర్లు. స్టేషన్ సరిగ్గా నడిమధ్యన ఉన్నా అంచున ఉన్న ఊరు మ్యాపు మీదే 16 కిలోమీటర్లు, రోడ్డు మీద ఇరవై దాటుతుంది. అంటే అరగంట పైమాటే. నియోజకవర్గం ఓట్లు లెక్కపెట్టడానికి గీసిన గీత. మంటకు ఆ గీతతో పని లేదు. ఒక స్టేషన్ కూడా లేని చోటికి ఒకటి రావడం మంచిదే. కానీ నియోజకవర్గానికి ఒకటి వచ్చింది కదా అని ఫైలు మూసేస్తేనే చిక్కు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా సంఖ్య ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. సర్కారు భూమి ఎక్కడ ఖాళీగా దొరికితే అక్కడ కట్టడం మన అలవాటు. వికారాబాద్, తాండూరు మీదుగా రైలు మార్గం పోతుంది. స్టేషన్ పట్టాలకు ఏ పక్కన ఉందన్నదాన్ని బట్టి గేటు దగ్గర అయిదారు నిమిషాలు పోవచ్చు. నాలుగు రోడ్లు కలిసే చోట, ఏడాది పొడుగునా నీళ్ళున్న చోట, పత్తి మిల్లులకూ ఫ్యాక్టరీలకూ దగ్గరగా ఉంటేనే ఉపయోగం. పల్లె జిల్లాల్లో ఫ్యాక్టరీలు పెరుగుతున్న కొద్దీ ఇది ప్రాణాల లెక్క అవుతుంది. 2024 జూన్‌లో షాద్‌నగర్ దగ్గర అద్దాల ఫ్యాక్టరీలో, 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో పేలుళ్ళు జరిగాయి. పాశమైలారంలో నలభై మందికి పైగా పోయారు. పేలుడును ఏ ఫైర్ స్టేషనూ ఆపలేదు. ఆ తర్వాత జరిగేది మాత్రం స్టేషన్ ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడుతుంది.

నీళ్ళ సంగతి ఇందాక చెప్పాను. మామూలు బండిలో 4,500 లీటర్లు పడతాయి. ఒక్క పైపుతో నిమిషానికి 450 లీటర్లు కొడితే పది నిమిషాల్లో ఖాళీ. తర్వాత ఎక్కడ నింపుకోవాలో ముందే రాసిపెట్టుకున్న ఊరు ఎన్ని?

ఇక డబ్బు. పదిహేనో ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం అగ్నిమాపక సేవల విస్తరణకూ ఆధునికీకరణకూ 2021-26 కాలానికి 5,000 కోట్లు కేటాయించింది. పథకం 2023 జులైలో మొదలైంది. మనలాంటి రాష్ట్రాలు తమ వంతుగా నాలుగో వంతు పెట్టుకోవాలి. ఆ డబ్బు కట్టడాలకు, బండ్లకు, పరికరాలకు, శిక్షణకు. జీతాలు మాత్రం ప్రతి ఏటా రాష్ట్ర బడ్జెట్ నుంచే రావాలి. ఒక బండి బయల్దేరాలంటే ఒక డ్రైవరు, ఒక లీడింగ్ ఫైర్‌మన్, నలుగురు ఫైర్‌మెన్ ఉండాలనుకుందాం. రెండు వంతులు, సెలవులు, పైన ఒక అధికారి అన్నీ కలిపితే పదిహేను మంది. సగటున నెలకు 40 వేలనుకున్నా ఏడాదికి 72 లక్షలు, ముప్పై ఏళ్ళకు ఇరవై ఒక్క కోట్ల పైన. శిలాఫలకం వేసేది కట్టడానికి, అసలు ఖర్చు మనుషులది. అందుకే కట్టడం ముందు వస్తుంది, పోస్టులు తర్వాతెప్పుడో వస్తాయి. కొత్త స్టేషన్ మంజూరైందని పేపర్లో చదివితే నేను ముందు వెతికేది పోస్టులు ఎన్ని మంజూరయ్యాయన్న వాక్యం. (నోటిఫికేషన్ కోసం ఎదురుచూసే మనకు అది రెండు రకాలుగా అవసరం!)

జర్మనీలో పల్లెల్లో మంటలు ఆర్పేది ఎక్కువగా శిక్షణ పొందిన స్వచ్ఛంద దళాలే. పది లక్షల మంది దాకా ఉన్నారట. మన ఊళ్ళలో కూడా యువకులకు నేర్పవచ్చు. అయితే ఆ పేరు చెప్పి ఉద్యోగాలు ఎగ్గొడితే ఒప్పుకోకూడదు. జర్మనీలో ఆ దళాలకు కూడా బండి, షెడ్డు, శిక్షణ ఇచ్చేది ప్రభుత్వమే.

పల్లె సంగతి ఇంత చెప్పి, మనం ఉంటున్న పాతబస్తీ సంగతి చెప్పకపోతే లెక్క సగమే. 2025 మే 18, ఆదివారం పొద్దున గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్ళలో 8 మంది పిల్లలు. చార్మినార్‌కు కూతవేటు దూరం. మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ అక్కడికి దగ్గరే. అక్కడ అడ్డుపడింది కిలోమీటర్లు కాదు, లోపలికి పోయే ఇరుకు దారి, ఇరుకు మెట్లు, పొగ. చట్టం ప్రకారం 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు, 15 మీటర్ల పైబడిన వాణిజ్య భవనాలకు, జనం చేరే బడులూ సినిమా హాళ్ళలాంటి వాటికి ఫైర్ శాఖ అనుమతి కావాలి. కింద దుకాణం, పైన కాపురం ఉన్న పొట్టి పాత ఇళ్ళు ఆ వలలో పడవు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పోయిన ఆరుగురూ మన వయసువాళ్ళే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్ళు. వాళ్ళను చంపింది పొగే. కాబట్టి నిమిషాల లెక్క స్టేషన్ గేటు దగ్గర కాదు, మన మంచం దగ్గర మొదలవుతుంది. తమ్ముళ్ళూ, వెనక మెట్ల మీద పేర్చిన విరిగిన మంచాలు ఈ వారమే తీయించండి. రాత్రి గ్రిల్లు గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ప్రతి గదికీ తెలియాలి.

ఊరికి పోయినప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. సమాచార హక్కు దరఖాస్తుకు మన దగ్గర గ్రామ స్థాయిలో రుసుం లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్లకార్డు ఉంటే అదీ లేదు. గడిచిన మూడేళ్ళలో మన మండలం నుంచి వచ్చిన ప్రతి ఫోనుకూ మూడు సమయాలు అడగండి: ఫోన్ అందినది, బండి కదిలినది, బండి చేరినది.

నేను 2019 ఫిబ్రవరి నాటి మా ఊరి కాలు గురించి కూడా అడిగాను. అవ్వ ఇప్పటికీ బండి రెండు గంటలకు వచ్చిందంటుంది. జవాబు కాగితంలో ఫోన్ అందింది 2 గంటల 10 నిమిషాలకు, బండి చేరింది 3 గంటల 5 నిమిషాలకు. 55 నిమిషాలు. ఆ కాగితం జతచేసి, మండలానికి ఒక స్టేషన్ కావాలని మా వాడవాళ్ళం 63 మందిమి సంతకాలు పెట్టి, సోమవారం ప్రజావాణిలో ఇచ్చి వచ్చాం. అవ్వ వేలిముద్ర వేసింది. రశీదు నా దగ్గరుంది.