ఉన్నికృష్ణన్ కేసు

ఉన్నికృష్ణన్ మరియు ఇతరులు వర్సెస్ ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం అనునది 1993 ఫిబ్రవరి 4న భారత సుప్రీం కోర్టు తీర్పు వెలువరించిన ఒక ప్రసిద్ధ వ్యాజ్యం. పద్నాలుగు సంవత్సరాల లోపు బాలబాలికలకు ఉచిత విద్య పొందడం ప్రాథమిక హక్కు అని ఈ తీర్పు ప్రకటించినది. ప్రైవేటు ఇంజనీరింగు, వైద్య కళాశాలలలో ప్రవేశాలకు, రుసుములకు దేశమంతటికీ వర్తించే ఒక పథకాన్ని కూడా ఇదే తీర్పు నిర్దేశించినది. వీటిలో మొదటిది నిలిచి రాజ్యాంగంలోనే చేరినది. రెండవది తొమ్మిదేళ్ళ తరువాత రద్దయినది. అయినప్పటికీ, నేడు తెలుగు రాష్ట్రాలలో వినబడే కన్వీనరు కోటా, యాజమాన్య కోటా వంటి మాటల వెనుక ఉన్న వివాదాన్ని అర్థం చేసుకోవడానికి ఈ తీర్పు నుండే మొదలుపెట్టవలసి ఉంటుంది.

నేపధ్యము

1970, 80 దశకాలలో దక్షిణాది రాష్ట్రాలలోను, మహారాష్ట్రలోను ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు పెద్దయెత్తున వెలిశాయి. నిర్ణీత రుసుముకు మించి ప్రవేశ సమయంలో వసూలు చేసే సొమ్మును క్యాపిటేషన్ ఫీజు అంటారు. వాడుకలో దీనికి "డొనేషన్" అనే మర్యాదైన పేరు స్థిరపడినది. దీనిని నిషేధిస్తూ ఆంధ్ర ప్రదేశ్ 1983లోను, కర్ణాటక 1984లోను, మహారాష్ట్ర 1987లోను, తమిళనాడు 1992లోను చట్టాలు చేశాయి.

కర్ణాటక ప్రభుత్వం 1989 జూన్ 5న జారీ చేసిన ప్రకటన ప్రకారం ప్రైవేటు వైద్య కళాశాలలో ప్రభుత్వ సీటుకు ఏడాదికి 2,000 రూపాయలు, ఆ రాష్ట్రపు ఇతర విద్యార్థులకు 25,000, బయటి రాష్ట్రాల వారికి 60,000 రూపాయల రుసుము ఉండేది. ఉత్తర ప్రదేశ్‌కు చెందిన ఒక విద్యార్థిని దీనిని నేరుగా సుప్రీం కోర్టులో సవాలు చేసినది. మోహినీ జైన్ కేసుగా పేరొందిన ఈ వ్యాజ్యంలో 1992 జూలై 30న జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఆర్.ఎం.సహాయ్‌ల ధర్మాసనం విద్యాహక్కు జీవించే హక్కు నుండే ఉద్భవిస్తుందని, ప్రభుత్వ రుసుముకు మించి తీసుకున్నది ఏ పేరుతోనైనా క్యాపిటేషన్ ఫీజే అవుతుందని తీర్పు చెప్పినది. ఆమె ప్రతిభ ఆధారంగా ప్రవేశం పొందలేదన్న కారణం చేతను, తరగతులు అప్పటికే మొదలైనందువలనను ఆమెకు మాత్రం సీటు ఇప్పించలేదు.

అదే సంవత్సరం ఆంధ్ర ప్రదేశ్ శాసనసభ తన 1983 చట్టానికి 3-ఏ అనే సెక్షనును చేర్చినది. ప్రైవేటు ఇంజనీరింగు, వైద్య, దంతవైద్య కళాశాలలు సగం సీట్లను ప్రవేశ పరీక్ష ర్యాంకుతో నిమిత్తం లేకుండా నింపుకొనవచ్చునని, ఆ సీట్లకు క్యాపిటేషన్ నిషేధం వర్తించదని దీని సారాంశం. అంటే నిషేధ చట్టంలోనే సగం సీట్లకు మినహాయింపు లభించినదన్నమాట. రాష్ట్ర హైకోర్టు ఫుల్ బెంచి 1992 సెప్టెంబరులో ఈ సెక్షనును కొట్టివేసినది. ప్రైవేటు వైద్య, దంతవైద్య కళాశాలలకు ఇచ్చిన అనుమతులపై కూడా హైకోర్టు తీర్పు ప్రభుత్వానికి వ్యతిరేకంగా రావడంతో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్ధనరెడ్డి ఆ అక్టోబరులో పదవి నుండి వైదొలగవలసి వచ్చినది. మోహినీ జైన్ తీర్పును సవాలు చేసిన వివిధ రాష్ట్రాల కళాశాలల పిటిషన్లు, 3-ఏ సెక్షను వివాదం కలిసి అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చాయి.

తీర్పు

మెజారిటీ తీర్పును వ్రాసినవారు జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి. ఆయన పూర్వం ఆంధ్ర ప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. మోహినీ జైన్ తీర్పు అన్ని స్థాయిల విద్యనూ హక్కుగా ప్రకటించగా, ఈ ధర్మాసనం దానిని కుదించినది. పద్నాలుగేళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. ఆ తరువాత చదువుకు మాత్రం ప్రభుత్వపు ఆర్థిక స్తోమత పరిమితి. రాజ్యాంగపు ఆదేశిక సూత్రాలలో కాలపరిమితి ఉన్నది అప్పటి 45వ అధికరణం ఒక్కటే. పదేళ్ళలో, అంటే 1960 నాటికి, పూర్తి కావలసిన పని మూడు దశాబ్దాలు దాటినా పూర్తి కాలేదన్నది న్యాయస్థానం వాదనలో బలమైన అంశం.

విద్య వర్తకం గాని వ్యాపారం గాని కాజాలదని, గుర్తింపు లేదా అనుబంధం పొందడం ఎవరికీ ప్రాథమిక హక్కు కాదని కూడా తీర్పు పేర్కొన్నది. 3-ఏ సెక్షను కొట్టివేతను సమర్థించినది.

ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు

ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలో సగం సీట్లు ప్రభుత్వ రుసుముతో "ఉచిత సీట్లు"గా, మిగతా సగం అధిక రుసుముతో "చెల్లింపు సీట్లు"గా ఉండాలి. రెండింటికీ ప్రతిభే ప్రాతిపదిక. గరిష్ఠ రుసుమును ప్రభుత్వ కమిటీ నిర్ణయిస్తుంది. యాజమాన్యానికి సొంత కోటా లేదు.

దీని లెక్క ఇలా ఉంటుంది. ఒక విద్యార్థికి ఏడాదికి అయ్యే ఖర్చు 40,000 రూపాయలు, ప్రభుత్వ రుసుము 5,000 అనుకుందాం. ఇద్దరి ఖర్చు 80,000. ఉచిత సీటు విద్యార్థి 5,000 ఇస్తే, మిగిలిన 75,000 రూపాయలు చెల్లింపు సీటు విద్యార్థి భరించాలి. ఒకరి చదువుకు మరొకరి తల్లిదండ్రులు డబ్బు కడుతున్నారన్నమాట. పైగా మంచి ర్యాంకు తెచ్చుకొని ఉచిత సీటు పొందినవారిలో ఎక్కువమంది పట్టణాలలో ఖరీదైన పాఠశాలలలో, కోచింగు కేంద్రాలలో చదివిన కలిగిన కుటుంబాలవారే. పల్లె నుండి వచ్చి తక్కువ ర్యాంకు పొందిన విద్యార్థి అప్పుచేసి చెల్లింపు సీటు కొనవలసి వచ్చేది. ఉద్దేశం ఎంత మంచిదైనా, పథకంలోని అసలు లోపం ఇదే.

తరువాతి పరిణామాలు

2002 అక్టోబరు 31న టి.ఎం.ఎ.పాయ్ ఫౌండేషన్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పైలోపాన్నే ఎత్తిచూపుతూ ఈ పథకాన్ని రద్దు చేసినది. విద్యాసంస్థను నడపడం రాజ్యాంగపు 19(1)(జి) అధికరణం క్రింద ఒక వృత్తి అని, అభివృద్ధికి అవసరమైన సహేతుకమైన మిగులు ఉండవచ్చునని, లాభార్జన, క్యాపిటేషన్ మాత్రం కూడవని పేర్కొన్నది. ప్రాథమిక విద్య హక్కన్న భాగం మాత్రం నిలిచినది. అదే ఏడాది డిసెంబరులో 86వ సవరణ ద్వారా అది 21-ఏ అధికరణమైనది. దానికి అనుగుణంగా చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది.

మిగులుకు, లాభానికి మధ్య గీత ఎవరు గీయాలన్నది తరువాతి ప్రశ్న. 2003లో ఇస్లామిక్ అకాడమీ కేసులో విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తుల అధ్యక్షతన రాష్ట్రాలలో కమిటీలు ఏర్పరచమని సుప్రీం కోర్టు ఆదేశించినది. 2005 ఆగష్టు 12న ఇనాందార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు ఈ కమిటీలను కొనసాగించారు గాని, సహాయం పొందని ప్రైవేటు కళాశాలలపై ప్రభుత్వం తన రిజర్వేషన్లను రుద్దరాదన్నారు. ప్రవాస భారతీయులకు 15 శాతం వరకు సీట్లు అనుమతించారు. రిజర్వేషన్ల విషయంలో పార్లమెంటు వెంటనే స్పందించి, 93వ సవరణ ద్వారా 15(5) అధికరణాన్ని చేర్చినది. 2014లో ప్రమతి కేసులో ఇది ప్రైవేటు సంస్థలకూ చెల్లుతుందని తేలినది.

తెలుగు రాష్ట్రాలలో

ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2006 నిబంధనలతో ప్రవేశాలు, రుసుముల నియంత్రణ కమిటీ రూపొందినది. సాధారణంగా ఇంజనీరింగులో 70 శాతం కన్వీనరు కోటా, 30 శాతం యాజమాన్య కోటా. ప్రైవేటు వైద్య కళాశాలలలో సగం కన్వీనరుకు, 35 శాతం బి-కేటగిరీకి, 15 శాతం ప్రవాసులకు. 2008లో బోధనా రుసుముల చెల్లింపు పథకం విస్తరించిన తరువాత కమిటీ నిర్ణయించే రుసుము ఖజానా వ్యవహారం కూడా అయినది. బకాయిలు పేరుకుపోయి, కళాశాలలు విద్యార్థుల ధ్రువపత్రాలను నిలిపివేసిన సందర్భాలు రెండు రాష్ట్రాలలోను వార్తలకెక్కినవి.

2017 సెప్టెంబరు 6న ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ప్రైవేటు కళాశాలలలో ఎం.బి.బి.ఎస్. రుసుమును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచినది. ఇది మునుపటికి ఏడు రెట్లు. కమిటీ సిఫారసు లేకుండా పెంచడం చెల్లదని హైకోర్టు ఈ ఉత్తర్వును రద్దుచేసి, అదనపు సొమ్మును విద్యార్థులకు తిరిగి ఇమ్మన్నది. నారాయణ వైద్య కళాశాల వేసిన అప్పీలును 2022 నవంబరు 7న సుప్రీం కోర్టు త్రోసిపుచ్చుతూ, విద్య లాభం సంపాదించే వ్యాపారం కాదని మరల చెప్పి, కళాశాలపైన, ప్రభుత్వంపైన కలిపి 5 లక్షల రూపాయల ఖర్చులు విధించినది.