చూపు కిందికి దిగని వ్యాధి: మెదడు కాండంలోని నాడీకణాల పాత్ర

చూపు ఒక వస్తువు నుంచి మరొకదానిపైకి చటుక్కున మళ్లడాన్ని ‘సాకేడ్’ అంటారు. పక్కలకు మళ్లే సాకేడ్‌కు కావలసిన ప్రేరణ మెదడు కాండంలోని పాన్స్ భాగం నుంచి, పైకీ కిందికీ మళ్లేదానికి మధ్యమెదడు నుంచి వెలువడుతుంది. ఈ స్థానభేదమే ఒక వ్యాధిని గుర్తించడానికి ఆధారమైంది.

1964లో స్టీల్, రిచర్డ్‌సన్, ఓల్షెవ్‌స్కీలు వివరించిన ‘ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీ’లో టౌ అనే ప్రోటీన్ నాడీకణాల్లో ముద్దగా పేరుకుంటుంది. మధ్యమెదడు ముందుగా దెబ్బతినడంతో నిలువు సాకేడ్‌లు మొదట మందగిస్తాయి; పక్కచూపు కొంతకాలం నిలుస్తుంది. రోగికి మెట్లు దిగడం, కంచంలోకి చూసి తినడం కష్టమవుతాయి. తరచూ వెనక్కి పడిపోతుంటాడు. దీనిని పార్కిన్సన్స్ వ్యాధిగా పొరబడటం కద్దు. కానీ లెవోడోపా చాలామందిలో పెద్దగా పనిచేయదు.

విశేషమేమంటే, రోగి తనంతట తాను కిందికి చూడలేకపోయినా, ఒక బిందువుపై చూపు నిలపమని చెప్పి వైద్యుడు అతని తలను పైకెత్తితే కళ్లు కిందికి కదులుతాయి. అంటే కండరాలూ, వాటిని నేరుగా నడిపే నాడీకేంద్రకాలూ పనిచేస్తూనే ఉన్నాయి. లోపం వాటికి ఆజ్ఞలిచ్చే పైస్థాయిలో ఉంది. పేరులోని ‘సుప్రాన్యూక్లియర్’ సూచించేది దీనినే. అయితే చూపు పూర్తిగా స్తంభించేదాకా ఆగితే నిర్ధారణ ఆలస్యమవుతుంది. కంటి కదలిక పరిధి కుదించుకుపోకముందే దాని వేగం తగ్గుతుంది.