రచ్చబండ మీద సరుకు ప్రకటన

మలక్‌పేట దాటి విజయవాడ రహదారి వెంట తూర్పుగా పోయేవారికి మొదట దిల్‌సుఖ్‌నగరు, తరువాత చైతన్యపురి, ఆపైన ఎల్.బి.నగరు వస్తాయి. 2018 సెప్టెంబరు 24 నుండి ఈ మార్గమున మెట్రో రైలు నడుస్తున్నది. దిల్‌సుఖ్‌నగరులో రైలు దిగి ఏ సందులోనికి తిరిగినా కంప్యూటరు శిక్షణాలయాల బోర్డులు, వసతి గృహాల బోర్డులు ఒకదానిపై ఒకటి ఎక్కి కూర్చున్నట్లు కనిపిస్తాయి. వాటి మీద తరచుగా కంటబడే మాట ‘ఫ్రీ’. మొదటి తరగతి ఫ్రీ, నోట్సు ఫ్రీ, సాఫ్ట్‌వేరు ఫ్రీ.

ఇంగ్లీషువారి ‘ఫ్రీ’కి రెండర్థాలు. వెల లేనిది అని ఒకటి, కట్టుబాటు లేనిది అని మరియొకటి. ఇంగ్లీషు ఈ రెంటినీ ఒకే మాటలో కుక్కి చిక్కుపడినది. మనకా ఇబ్బంది లేదు. మొదటిది ఉచితము, రెండవది స్వేచ్ఛ. 1983 సెప్టెంబరు 27న రిచర్డ్ స్టాల్‌మన్ ‘గ్నూ’ అన్న పేరుతో ప్రకటించిన ప్రయత్నమునకు ప్రాణము ఈ రెండవ అర్థమే. ప్రోగ్రామును ఏ పనికైనా నడుపుకొనుట, దాని మూలపాఠమును, అనగా సోర్స్ కోడును, చదివి మార్చుకొనుట, ప్రతులు పంచుట, మార్చిన ప్రతులను సైతము పంచుట: ఈ నాలుగు హక్కులూ ఉన్నదే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 1998 నుండి దీనినే ‘ఓపెన్ సోర్స్’ అని కూడ పిలుస్తున్నారు. హైదరాబాదులో ఈ ప్రచారము చేస్తున్న ఒక సంస్థ ‘స్వేచ్ఛ’ అనియే పేరు పెట్టుకొన్నది.

ఇట్టి సంఘాలలో పనిచేసేవారు జీతము లేని కార్యకర్తలు. వారు కూడి మాట్లాడుకొనే చోటికి ఒకనాడు ఒక వ్యాపారి వచ్చి, ‘మా సంస్థ కొత్త సరుకు విడుదల చేసినది, అందరికీ తెలియజేయండి’ అంటాడు. ఆ ప్రకటనను ఉంచవలెనా, తీసివేయవలెనా? సులభముగా తోచే జవాబు, వర్తకమునకు ఇక్కడ చోటు లేదు, పొమ్మనుట. కాని ఆ మాట స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ధర్మమునకే విరుద్ధము. 1989లో వెలువడిన గ్నూ లైసెన్సు ప్రకారము ప్రోగ్రామును ఎంత వెలకైనా అమ్ముకొనవచ్చును. కొన్నవానికి మూలపాఠము అందజేయుట ఒక షరతు. 1997లో డెబియన్ సంఘము వ్రాసుకొన్న సూత్రాలలో, అమ్మకమును నిషేధించే లైసెన్సు స్వేచ్ఛా లైసెన్సు కానేరదని ఉన్నది. తెలుగు ఫాంట్ల సంగతి చూడండి. మండలి, రామభద్ర మొదలగు ఫాంట్లు వెలువడిన లైసెన్సు ఫాంటును విడిగా అమ్మరాదని అంటుంది. మరియొక సాఫ్ట్‌వేరుతో చేర్చి అమ్మితే ఆక్షేపణ లేదంటుంది. అమ్ముచున్నాడు కనుక తప్పు అని త్రోసివేసే పరిశీలకుడు ఆ లైసెన్సును చదవలేదన్నమాట.

రెండవ జవాబు, అందరినీ రానిచ్చుట. దీని ఫలితమును ఊహించుటకు మన నగరపు గోడలు చాలును. బహిరంగ ప్రదేశాలను పోస్టర్లతో వికృతము చేయరాదని 1997లోనే చట్టము వచ్చినది. అయినను గోడలు గోడలుగా కనిపించుట అరుదు! డెబియన్‌వారు ఈ బెడదకు చమత్కారమైన మందు కనిపెట్టినారు. తమ చర్చలలో వ్యాపార ప్రకటన పంపినవారికి 1,999 డాలర్ల బిల్లు పంపుతామనియు, ముందుగా 1,000 డాలర్లకు తగ్గని విరాళమిచ్చినట్లు చూపితే బిల్లు ఉండదనియు నియమము వ్రాసిపెట్టినారు. రాబడి మీద ఆశ కంటె హెచ్చరికయే అందులో ఎక్కువని మా అభిప్రాయము.

ఈ రెంటికీ నడుమ దారి ఉన్నది. ఎల్.బి.నగరులో నలుగురు యువకులు నడిపే ఒక చిన్న సంస్థ నుండి, దుకాణదారులకు జి.ఎస్.టి. లెక్కలు తెలుగులో వ్రాసిపెట్టే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము సిద్ధమైనదని ప్రకటన వచ్చినదనుకొందాము. పరిశీలకుడు మొదట అడుగవలసినది, వ్రాసినది ఎవరు అని. సంస్థ మనిషియే వాడుకరి వలె నటించి మెచ్చుకొనుట అన్నిటికంటె చెడ్డ ప్రకటన. తరువాత, లైసెన్సు ఏది, మూలపాఠము ఎక్కడ ఉన్నది? ‘త్వరలో పెడతాము’ అన్న జవాబు జవాబు కాదు. ఆ పైన మరింత సూక్ష్మమైన ప్రశ్న: మూలపాఠము ఇచ్చిన భాగముతో దుకాణదారుని పని జరుగునా, లేక బిల్లు అచ్చువేయుట మొదలు అసలు పనులన్నీ వెల గల మూసిన భాగములో ఉన్నవా? పైకి తెరచి లోపల మూసిన సరుకులు నేడు చాలా ఉన్నవి. అవి అమ్మరానివి కావు. ఏది తెరచినదో ఏది మూసినదో మొదటి పంక్తులలోనే చెప్పితే చాలును. చెప్పకపోతే నష్టపడేది దిల్‌సుఖ్‌నగరు గదిలో అద్దె కట్టుకొంటూ ఆ ప్రోగ్రామును నమ్మి నేర్చుకొన్న పల్లెటూరి విద్యార్థి, ఏడాది లెక్కలన్నీ అందులో ఎక్కించి బయటికి తీసుకొనలేని దుకాణదారుడు.

2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాలో కార్యకర్తలు చర్చించుకొనే చోటికి ‘రచ్చబండ’ అని పేరు. అక్కడి వ్యాసాలను ఎవరైనా అచ్చువేసి అమ్ముకొనవచ్చును, లైసెన్సు ఒప్పుతుంది. కాని తన సరుకును పొగుడుకొంటూ వ్యాసము వ్రాస్తే నిలువదు. డబ్బు పుచ్చుకొని వ్రాసేవారు ఆ సంగతిని వెల్లడించవలెనని 2014లో వికీమీడియా షరతులలో చేర్చినారు. వ్రాయవద్దనలేదు, చెప్పి వ్రాయుమన్నారు. ఈ తేడా గమనింపదగినది.

రేడియోవారమైన మాకు ఈ తగవు కొత్త కాదు. ఏండ్ల తరబడి ఆకాశవాణిలో వాణిజ్య ప్రకటన లేదు. 1967 నవంబరు 1న వివిధభారతిలో బొంబాయి, పూనా, నాగపూరులలో ప్రకటనలు ఆరంభమైనప్పుడు, శ్రోత కార్యక్రమమేదో ప్రకటన యేదో పోల్చుకొనగలుగవలెనన్నదే అసలు చిక్కు. పాట మధ్య సబ్బు పేరు దూర్చితే అది పాటా కాదు, ప్రకటనా కాదు.

పరిశీలకుని గురించియు ఒక మాట చెప్పవలసి ఉన్నది. హైదరాబాదులో ఇట్టి కార్యకర్తలు పలువురు పగలు సాఫ్ట్‌వేరు సంస్థల ఉద్యోగులు. ప్రకటన తన యజమానిదో, యజమాని పోటీదారుదో అయితే అతడు తప్పుకొని మరియొకరికి అప్పగించుట మర్యాద. పెద్ద సంస్థ ప్రకటనను వార్తగా భావించి రానిచ్చి, చిన్నవాని ప్రకటనను అంగడి అరుపుగా భావించి త్రోసివేయుట ఎదుటివారికి కనిపించినంతగా తనకు కనిపించదు.

పై యువకుల ప్రకటనలో లైసెన్సు లేక తిరస్కరించినారనుకొనండి. కారణము రెండు వాక్యాలలో వారికి వ్రాసి పంపవలెను, అందరూ చూచేచోట ఉంచవలెను. మూడవనాడు వారు లైసెన్సు పేరును, మూలపాఠము ఉన్న చోటును, వెల కట్టవలసిన భాగాల పట్టికను చేర్చి అదే ప్రకటనను మరల పంపితే, దానిని ఆనాడే రచ్చబండకెక్కించవలెను.