సోమవరప్పాడు నుంచి బొంబాయి దాకా: ఎల్.వి. ప్రసాద్



మన గ్రేటర్ నోయిడా నుంచి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా వెళ్తే సెక్టార్ 21 వస్తుంది. అక్కడ ఫిల్మ్ సిటీ కోసం స్థలం కేటాయించారు. ఈ సంగతి తరగతిలో ప్రస్తావనకు వచ్చినప్పుడు ఒక విద్యార్థి అడిగాడు: "అక్కడ తీసేవి హిందీ సినిమాలే కదా టీచర్, తెలుగువాళ్ళకు అందులో పనేముంటుంది?" ఆ రోజు గంట కొట్టేయడంతో జవాబు సగంలో ఆగింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాము.

హిందీ రాని ఒక తెలుగు కుర్రవాడు 1930 ప్రాంతంలో సినిమాల మీద మోజుతో బొంబాయి రైలెక్కాడు. పేరు అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు. ఏలూరు దగ్గర సోమవరప్పాడులో 1908 జనవరి 17న ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. చదువు వంటబట్టలేదు (ఉపాధ్యాయులమై ఉండి ఈ వాక్యం రాయడం మాకు కాస్త ఇబ్బందే, కానీ నిజం నిజమే). ఊళ్ళోకి నాటకాలవాళ్ళు వస్తే మాత్రం అక్కడే ఉండేవాడు. చిన్న వయసులోనే పెళ్ళయింది. ఇంట్లో అప్పులు పెరిగాయి. ఒకనాడు వంద రూపాయలు జేబులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మీ బదిలీలకు నాన్నగారి ఉత్తర్వు కాగితం, సామాన్ల లారీ, కొత్త బడిలో సీటు ఉంటాయి. అతనికి ఇవేవీ లేవు.

బొంబాయిలో మొదట దొరికింది ఒక సినిమా కంపెనీలో చిల్లర పనులు చేసే కుర్రవాడి ఉద్యోగం. అప్పటికింకా మూకీల కాలం. తెర మీద బొమ్మలు కదులుతాయి, మాట్లాడవు. కాబట్టి భాష రాకపోయినా చిన్న వేషం వేయవచ్చు. కానీ 1931 మార్చిలో 'ఆలం ఆరా' వచ్చింది. మన దేశంలో మొదటి టాకీ అదే. అందులో ప్రసాద్ చిన్న వేషాలు వేశారు. అదే ఏడాది హెచ్.ఎం. రెడ్డి తీసిన 'కాళిదాస్' వచ్చింది. అందులో తమిళం, తెలుగు రెండూ వినిపించాయి. 1932 ఫిబ్రవరిలో పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. ఈ రెండింటిలోనూ ఆయన ఉన్నారు. హిందీ, తమిళం, తెలుగు సినిమాలు మాటలు నేర్చిన తొలి రోజుల్లో మూడు చోట్లా ఉన్న మనిషి ఆయన!

పేరు సంగతి కూడా చెప్పాలి. మీలో చాలామందికి ఇక్కడి ఫారాలతో వచ్చే చిక్కే ఇది. 'సర్‌నేమ్' గడిలో ఇంటిపేరు రాయాలా, నాన్నగారి పేరు రాయాలా అని ప్రతి అడ్మిషన్‌కూ మీ ఇళ్ళలో చర్చ జరుగుతుంది. ఒక టీసీలో ఒకలా, ఇంకో టీసీలో ఇంకోలా ఉన్న పేర్లు మేము ఎన్నో సరిచూశాము. ప్రసాద్ గారి పేరు మరీ పొడవుగా ఉందని అక్కడి సినిమా ఉద్యోగి ఒకరు దాన్ని ఎల్.వి. ప్రసాద్‌గా కుదించేశారట. ఇంటిపేరు పోయింది, చివరి 'రావు' పోయింది. ఆ కుదించిన పేరే నిలిచింది.

వేషాలు చాలక బొంబాయిలోని ఒక సినిమా హాల్లో గేటు దగ్గర టికెట్లు తీసుకునే పని కూడా చేశారు. పృథ్వీరాజ్ కపూర్ నాటక బృందంతో కలిసి పనిచేశారు. దర్శకుడిగా మొదలుపెట్టిన తొలి చిత్రం 'కష్టజీవి' మూడు రీళ్ళతోనే ఆగిపోయింది. 1946లో 'గృహప్రవేశం'కి సహాయకుడిగా వెళ్ళి, చివరికి దానికి దర్శకుడూ హీరో కూడా ఆయనే అయ్యారు. అప్పటికి ఇల్లు విడిచి పదిహేనేళ్ళు దాటింది.

ఆ తరువాత చకచకా జరిగింది. 1949లో 'మనదేశం'లో ఒక కొత్త కుర్రవాడికి పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం ఇచ్చారు. లాఠీచార్జి సన్నివేశంలో ఆ కుర్రవాడు లీనమైపోయి ఎదుటివాళ్ళను నిజంగానే బాదేశాడని సినిమావాళ్ళు చెప్పుకుంటారు. ఆ కుర్రవాడే ఎన్.టి. రామారావు. 1950లో విజయా సంస్థ మొదటి సినిమా 'షావుకారు', తరువాత 'పెళ్ళిచేసి చూడు', తమిళంలో శివాజీ గణేశన్‌తో 'మనోహర' వచ్చాయి.

మాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1955 నాటి 'మిస్సమ్మ'. ఇందులో హీరో హీరోయిన్లు ఇద్దరూ ఉద్యోగం లేని టీచర్లే! ఒక పల్లెటూరి బడికి భార్యాభర్తలైన ఉపాధ్యాయులు కావాలని ప్రకటన చూసి, వీళ్ళిద్దరూ దంపతులమని అబద్ధం చెప్పి చేరతారు. ఆమె క్రైస్తవ యువతి, అతను హిందువు. కొత్త ఊళ్ళో, ఎవరి అలవాట్లు వారు దాచుకోలేక పడే అవస్థలే కథంతా. కథకు మూలం ఒక బెంగాలీ నాటకం. దీన్నే ప్రసాద్ గారు తమిళంలోనూ తీశారు, 1957లో హిందీలో 'మిస్ మేరీ'గా తీశారు. తెలుగులో రామారావు, తమిళ హిందీల్లో జెమినీ గణేశన్. తెలుగు తమిళాల్లో సావిత్రి, హిందీలో మీనాకుమారి. కథ ఒకటే అయినా నటులు, మాటలు మారాయి. సాలూరి రాజేశ్వరరావు గారి 'బృందావనం' పాట బాణీ మాత్రం మూడు భాషల్లోనూ వినిపిస్తుంది. ఆ కుర్రవాడి ప్రశ్నకు మా జవాబు ఇదే.

బొంబాయిలో టికెట్లు తీసుకున్న మనిషి 1957లో అక్కడి రాజ్ కపూర్‌తో 'శారద' తీశారు. తరువాత నిర్మాతగా 'మూగమనసులు'ను 'మిలన్'గా, 'మరో చరిత్ర'ను 'ఏక్ దూజే కే లియే'గా హిందీలోకి తెచ్చారు. మద్రాసులో స్టూడియో, ఫిల్మ్ లాబొరేటరీ పెట్టారు. సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళి మీరు చూసి వచ్చే ప్రసాద్స్ మల్టీప్లెక్స్ ఆయన కుటుంబానిదే. 1982 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 1994 జూన్‌లో కన్నుమూశారు.

1981లో సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ఒక సినిమా వచ్చింది. తెలుగులో దాని పేరు 'అమావాస్య చంద్రుడు'. కమల్ హాసన్ అందులో చూపులేని సంగీతకారుడు. హీరోయిన్ తాతగారిగా ప్రసాద్ నటించారు. కొన్నేళ్ళకు డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో కంటి ఆసుపత్రి ప్రారంభించాలనుకున్నప్పుడు ప్రసాద్ గారి కుటుంబం 5 ఎకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987లో మొదలైంది. మీ అమ్మమ్మ, తాతయ్యల్లో ఎవరైనా అక్కడ కళ్ళు చూపించుకున్నారేమో అడగండి. 'మిస్సమ్మ' గురించి కూడా అడగండి. బహుశా పాట అందుకుంటారు.