విమానం పాఠం తొమ్మిదో తరగతిలోనే

పైలట్ కావాలనుకునే పేదింటి పిల్లకు మొదటి అడ్డంకి డబ్బే అని మనం అనుకుంటాం. అంతకంటే ముందు అడ్డొచ్చేది పదో తరగతి తర్వాత ఎంచుకునే గ్రూపు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది చాలా ఏళ్లుగా ఉన్న నిబంధన. దాన్ని సడలించాలన్న ప్రతిపాదన వచ్చినా, నావిగేషన్ పరీక్షకు లెక్కలు రాక తప్పదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో లెక్కలకు జడిసి సీఈసీలో చేరే పిల్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

అందుకే తొమ్మిదో తరగతిలోనే మొదలుపెట్టాలంటాను. దీనికి ఖర్చు కూడా పెద్దగా ఉండదు. టేబుల్ ఫ్యాను ముందు ఒక అట్టముక్కను కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే గాలి దాన్ని పైకి నెడుతుంది. అదే లిఫ్ట్. ఏటవాలు మరీ పెంచితే అట్ట వెనక్కి తోసుకుపోతుందే గాని పైకి లేవదు. విమానానికి ఆ స్థితి వస్తే స్టాల్ అంటారు. రెక్క పైన, కింద విడిపోయిన గాలి రెండూ ఒకేసారి చివరకు చేరతాయని కొన్ని పుస్తకాల్లో ఇంకా రాస్తున్నారు. అది నిజం కాదు, పిల్లలకు అలా చెప్పకూడదు. కాగితం విమానం రెక్కల వెనక అంచులు రెండూ కొంచెం పైకి మడిస్తే ముక్కు పైకి లేస్తుంది. ఒకటి పైకి, ఒకటి కిందికి మడిస్తే పక్కకు దొర్లుతుంది. ఎలివేటర్, ఎయిలరాన్ చేసే పని అంతే.

శంషాబాద్ రన్‌వే ఒక కొసన 09, రెండో కొసన 27 అని ఉంటుంది. దిక్సూచిలో 90 డిగ్రీలు తూర్పు, 270 పడమర. చివరి సున్నా తీసేస్తే రన్‌వే నంబరు. కోణాల పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఇక మే నెల ఎండ మన పిల్లలకు కొత్తగా చెప్పాలా? వేడికి గాలి పలచబడుతుంది, రెక్కకు పట్టు తగ్గుతుంది, విమానం లేవడానికి రన్‌వే ఎక్కువ కావాలి.

ప్రమాదం సంగతి కూడా దాచకూడదు. 2022 ఫిబ్రవరి 26న మన నల్లగొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి ఒక యువ ట్రైనీ పైలట్ ప్రాణం పోయింది. తల్లిదండ్రులు దాని గురించి అడుగుతారు, అడగాలి కూడా.

పాతబస్తీ బేకరీ కార్మికుని కూతురు సయ్యదా సల్వా ఫాతిమా గురించి మీరు వినే ఉంటారు. సియాసత్ సంపాదకులు జాహెద్ అలీ ఖాన్ గారి తోడ్పాటుతో 2007లో ఏవియేషన్ అకాడమీలో చేరి, 2013లో లైసెన్సు పొందింది. అంతటితో పని కాలేదు. పెద్ద విమానాలు నడపాలంటే మళ్లీ మల్టీ ఇంజన్ శిక్షణ కావాలి, దానికి మళ్లీ లక్షలు కావాలి. అందుకు ప్రభుత్వ సాయం అందింది. దాతలు దీన్ని గమనించాలి. మొదటి ఏడాది ఫీజు కట్టి ఆగిపోతే ఆ పిల్ల అటూ ఇటూ కాకుండా పోతుంది.

కనుక ముందు చిన్న ఖర్చులు చూడండి. రంగులు సరిగ్గా గుర్తిస్తారో లేదో కొద్ది నిమిషాల్లో పరీక్షించవచ్చు. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన దారి మూసుకుపోదు గాని, రంగులు తెలియకపోతే కష్టం. ఇది తొమ్మిదిలోనే తేలాలి, ఇల్లు తాకట్టు పెట్టాక కాదు. తర్వాత లెక్కలకు సాయంత్రం ట్యూషను, పాఠశాలకో దిక్సూచి, ఒక గ్లోబు, ఒక టేబుల్ ఫ్యాను. పదహారేళ్లు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు దరఖాస్తు చేయవచ్చు. ఈ లోపు మనకు ఉన్న వ్యవధి రెండేళ్లే.